కల్లు మానేసిన రెండో రోజు

"మందు తాగుతాడా?" అని ఆసుపత్రిలో అడిగితే "లేదు సార్" అంటారు. అది అబద్ధమేమీ కాదు. నిజామాబాద్, కామారెడ్డి, మెదక్, సంగారెడ్డి, మహబూబ్‌నగర్ పల్లెల్లో మందంటే బ్రాందీ, విస్కీ, చీప్ లిక్కర్. కల్లు ఆ లెక్కలోకి రాదు. పొద్దంతా బీడీలు చుట్టి సాయంత్రం ఓ సీసా తాగి పడుకునే అవ్వ తనకు తాగుడు అలవాటుందని అనుకోదు, ఇంట్లోవాళ్లూ అనుకోరు. అందుకే కాలు విరిగి ఆపరేషన్‌కు చేరిన మనిషికి రెండో రోజు రాత్రి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తే వార్డంతా ఉరుకులు పరుగులు. తలకు స్కాన్, సోడియం పరీక్ష, మత్తు ఇచ్చిన డాక్టరు మీద అనుమానం. కేస్ షీటులో మాత్రం "మద్యం: లేదు" అనే ఉంటుంది. కల్లు తాగుతారా, రోజుకెన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగారు? ఈ మూడు ప్రశ్నలూ చేర్చుకునేటప్పుడే విడిగా అడిగి ఉంటే సగం గొడవ తప్పేది.

ఆ ఫిట్స్ రోజూ తాగే కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చినవి. చెట్టు దిగిన కల్లు ఇలా చేయదు. ఆ మాట ముందే అనుకోవాలి, లేకపోతే గీత కార్మికులకు అన్యాయం జరుగుతుంది. మోకు, ముత్తాదు కట్టుకుని ఎక్కి, మొవ్వు దగ్గర గీత పెట్టి లొట్టి కడితే అందులోకి దిగేది తియ్యటి నీరు. గాలిలోని ఈస్టు పడి గంటల్లోనే పులవడం మొదలవుతుంది. సాయంత్రానికి ఆల్కహాల్ సుమారు 4 నుంచి 6 శాతానికి చేరుతుంది, అంటే బీరంత. మర్నాటికి పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. రోజూ తాగితే దానికీ అలవాటు పడతారు, కాలేయమూ దెబ్బతింటుంది, కాదనలేం. కానీ రోజుకో సీసా అసలు కల్లు తాగేవాడు ఒక పూట మానేస్తే ఫిట్స్‌తో పడిపోడు.

చిక్కంతా చెట్టుకూ దుకాణానికీ మధ్య ఉన్న తేడాలో ఉంది. తాటికి ఒక కాలం, ఈతకు ఒక కాలం. చెట్లేమో ప్లాట్ల కింద, రోడ్ల కింద పోతున్నాయి. తాగేవాళ్లకు మాత్రం ఏడాదంతా కావాలి, ఒకే ధరకు కావాలి, ఒకే మత్తు కావాలి. ఆ తేడాను నీళ్లతో, శాక్రిన్‌తో పూడుస్తారు. నీళ్లకు మత్తు ఉండదు కాబట్టి మత్తు పొడి రూపంలో వస్తుంది. ఏళ్లుగా కేసుల్లో దొరుకుతున్నవి ప్రధానంగా మూడు. క్లోరల్ హైడ్రేట్, అంటే దుకాణం భాషలో సీహెచ్. డైజెపామ్, పేపర్లు డైజోఫాం అని రాసేది. మూడోది అల్ప్రాజోలం, ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న పేరు.

క్లోరల్ హైడ్రేట్ పాత మందు. 1869లో జర్మనీలో నిద్రమందుగా వైద్యంలోకి వచ్చింది. అంతకన్నా ప్రమాదం తక్కువున్నవి వచ్చాక డాక్టర్లు దాదాపు వదిలేశారు. ఆల్కహాల్‌తో కలిస్తే ఒకటి విరిగిపోకుండా మరొకటి అడ్డుపడుతుంది, రెండింటి మత్తూ పెరుగుతుంది. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, పొట్టలో పొర ఒరుసుకుపోతుంది. డైజెపామ్, అల్ప్రాజోలం బెంజోడయజెపైన్ అనే ఒకే కుటుంబంలోవి. మాత్రగా, డాక్టరు చెప్పిన మోతాదులో, కొద్ది రోజులకు పనికొచ్చే మందులే.

మోతాదు అన్నాం కదా, అసలు ప్రమాదం అక్కడే ఉంది. మెడికల్ షాపులో అల్ప్రాజోలం 0.25, 0.5, 1 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. ఒక్క గ్రాము పొడి అంటే 0.5 మాత్రలు 2,000. చిటికెడు పొడిలో వందల మాత్రలు ఉంటాయి. దాన్ని తూచడానికి ప్రయోగశాల త్రాసు కావాలి, కిరాణా త్రాసుతో అయ్యే పని కాదు. పైగా అల్ప్రాజోలం నీళ్లలో దాదాపు కరగదు. పెద్ద డ్రమ్ములో వేస్తే కొంత తేలుతుంది, కొంత అడుగున చేరుతుంది. పొద్దున పై నుంచి ముంచిన సీసాలో ఎంత ఉందో, రాత్రి అడుగు నుంచి ఒంపిన సీసాలో ఎంత ఉందో అమ్మేవాడికీ తెలియదు. ఒకే దుకాణంలో, ఒకే రోజు, అన్ని సీసాలే తాగిన ఇద్దరిలో ఒకరు నడుచుకుంటూ ఇంటికి పోతారు, ఇంకొకరు దారిలో పడిపోతారు. "వాడికి పడలేదు" అంటారు ఊళ్లో. చాలాసార్లు అది ఒంటి తత్వం కాదు, సీసా తేడా.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. మత్తుమందుల మీద ఉన్న కేంద్ర చట్టం ఎన్‌డీపీఎస్ కింద అల్ప్రాజోలానికి చిన్న పరిమాణం 5 గ్రాములు, వాణిజ్య పరిమాణం 100 గ్రాములు. చిన్న పరిమాణం అనుకునే ఆ 5 గ్రాములూ పది వేల మాత్రలతో సమానం. వాణిజ్య పరిమాణమైతే 10 నుంచి 20 ఏళ్ల జైలు. కలిపిన పదార్థం బరువంతా లెక్కలోకి తీసుకోవాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, "అందులో పొడి పిసరంతే ఉంది" అనే వాదన బలహీనపడింది. క్లోరల్ హైడ్రేట్ మాత్రం ఆ చట్టం జాబితాలో లేదు, దాని కేసులు ఎక్సైజ్ చట్టం కింద నడుస్తాయి. కల్తీదారుల చేతిలో అది ఇన్నేళ్లు నిలవడానికి ధరతో పాటు ఇదీ ఒక కారణమనే నా అభిప్రాయం.

ఇంట్లో తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉందా అని చాలామంది అడుగుతారు. లేదు. అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే పొడి అనుకోవద్దు, అసలు కల్లులోనూ ఈస్టు అడుగున చేరుతుంది. నురగ కూడా గుర్తు కాదు, నురగను పుట్టించడం తేలిక. అంతకన్నా తాగే మనిషిని గమనించడం మేలు. రోజూ తాగే మనిషి ఒకటి రెండు సీసాలకే మాట ముద్దయి, మంచం మీద పడ్డవాడు పడ్డట్టే నిద్రపోయి, పొద్దున లేచాక రాత్రి తిన్నదీ మాట్లాడిందీ గుర్తు లేదంటే అది కల్లు మత్తు కాదు. ఒక పూట కల్లు దొరక్కపోతే చేతులు వణికి, చెమటలు పట్టి, రాత్రంతా కన్ను మూతపడకపోతే అది ఇంకా గట్టి గుర్తు. పొద్దున దించిన కల్లు సాయంత్రం ఏడు గంటలకు కూడా తియ్యగానే ఉందంటే శాక్రిన్‌ను అనుమానించాలి, చెట్టు కల్లుకు ఆ వేళకు తీపి తగ్గే తీరాలి. చెట్లు కనిపించని చోట, కాలంతో పనిలేకుండా, రోజూ ఒకే రుచితో వందల సీసాలు అమ్ముతున్నారంటే అనుమానానికి అంతకన్నా ఏం కావాలి?

మానేస్తే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం. మెదడులో ఉద్రేకాన్ని అదుపులో పెట్టే బ్రేకు లాంటి రసాయనం ఒకటుంది, పేరు గాబా. ఈ పొడులు ఆ బ్రేకును బయటి నుంచి తొక్కిపెడతాయి. రోజూ ఎవరో తొక్కుతుంటే మెదడు తన సొంత బ్రేకును సడలించుకుంటుంది. కొన్ని వారాల్లోనే ఈ మార్పు మొదలవుతుంది, అందుకే సీసాలు ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి నాలుగుకు పోతాయి. ఆ బయటి కాలు ఒక్కసారిగా తీసేస్తే ఆపడానికి ఏమీ మిగలదు.

అల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి 11, 12 గంటలు పడుతుంది. అంటే రాత్రి తాగిన మనిషికి మర్నాడు సాయంత్రానికే లోటు మొదలవుతుంది. చిరాకు, వణుకు, గుండె దడ, చెమట. ఆ రాత్రి నిద్ర ఉండదు. రెండో రోజు, మూడో రోజు అసలు గండం. ఫిట్స్ ఎక్కువగా ఈ గడువులోనే వస్తాయి. ఆ వెనకే మతి చెదరడం. లేని మనుషులతో మాట్లాడటం, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం, గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు వేళ్లు కదపడం, దుప్పటి అంచును పీకుతూ ఉండటం. కొన్ని చేతులు పనిని మరిచిపోవు, బీడీ చుట్టే మనిషి మతి లేకుండానే ఆకు చుడుతున్నట్టు వేళ్లు ఆడిస్తూ కూర్చుంటుంది. కలిపింది డైజెపామ్ అయితే ఒంట్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది కాబట్టి ఈ గండం నాలుగు రోజులకో వారానికో రావచ్చు. మూడు రోజులు బాగానే ఉన్నాడు కదా అని ఊరుకుంటే మోసపోతాం.

ఈ దశలో "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్లేవాళ్లు చాలామంది. దేవుడి మీద నమ్మకాన్ని తప్పుపట్టను, దారిలో పోయే గంటల గురించే నా బాధ. తాడుతో కట్టేసి గదిలో పడేస్తే ఒళ్లు కాగిపోయి, నీరు ఆరిపోయి, కండరాలు చితికి కిడ్నీలు కూడా పోతాయి.

ఒక మనిషి మానేస్తేనే ఇంత. జిల్లా మొత్తానికి ఒకేసారి కల్లు ఆగిపోతే ఏమవుతుందో తెలంగాణ చూసింది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు గట్టిగా జరిగాయి. పొడి ఆగింది. రోజుల వ్యవధిలోనే నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ వైపు ప్రభుత్వ ఆసుపత్రులకు వందల మంది చేరారు. ఫిట్స్, పిచ్చి చేష్టలు, ఆత్మహత్యా ప్రయత్నాలు, కొన్ని చావులు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు మళ్లీ అదే వరుస. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ మానేసి కాదు, తాగి పడిపోయారు. వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం, కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్, కొందరి ప్రాణాలే పోయాయి. పేపర్లు రెండింటినీ "కల్తీ కల్లు బాధితులు" అనే ఒకే శీర్షిక కింద వేస్తాయి. చికిత్స మాత్రం పూర్తిగా వేరు. ఒకరికి మత్తు పొడి ఎక్కువై వచ్చిన ముప్పు, ఇంకొకరికి ఆ పొడి అందక వచ్చిన ముప్పు.

తాగి స్పృహ తప్పిన మనిషి దగ్గర ముందుగా చూడాల్సింది ఊపిరి. నిమిషం పాటు గడియారం పెట్టి ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టాలి. పది కన్నా తక్కువైతే, పెదాలు నీలం తిరిగితే, గురక మధ్యలో ఆగి ఆగి వస్తుంటే వెంటనే 108. ఎడమ పక్కకు తిప్పి, మోకాలు కొంచెం మడిచి, తల వెనక్కి వంచి పడుకోబెట్టాలి, వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోదు. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు నీళ్లు ఏవీ పోయొద్దు. వేలు పెట్టి వాంతి చేయించొద్దు. స్పృహ లేని మనిషిని ఇవే చంపుతాయి, కల్లు కన్నా ముందు. సీసాలో మిగిలిన కల్లు ఉంటే మూత పెట్టి వెంట తీసుకెళ్లండి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళం గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం మానేయాలి. తల కింద మెత్తటి బట్ట, చుట్టూ ఖాళీ, ఆగాక పక్కకు తిప్పడం, అంతే. అయిదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా 108. కల్లు మానేసిన మనిషికి ఒక్క ఫిట్ వచ్చి ఆగినా అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి, రెండోది వెనకే ఉంటుంది.

కొందరు ఇళ్లలో మంచి మనసుతోనే ఇంకో పొరపాటు చేస్తారు. "ఇయ్యాల్టి నుంచి బంద్" అని ఒట్టు వేయించి, డబ్బులు గుంజుకుని, గడప దాటనివ్వరు. ఒట్టు వేయించే ముందే డాక్టరును కలవాలి. జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఉంది. ఎక్కడికి పోవాలో తేల్చుకోలేకపోతే మానసిక ఆరోగ్యానికి ఫోన్ సేవ టెలీ మానస్ 14416, వ్యసన విముక్తికి కేంద్రం నడిపే 14446. మెడికల్ షాపులో అల్ప్రాజోలం కొని సొంతంగా వేయడం మాత్రం వద్దు. 2014 నుంచి ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది రిజిస్టరులో రాయాలి. అలా రాయకుండా ఇచ్చే షాపు దొరికిందంటే అది ఇంకో కల్లు దుకాణమే.

ఆసుపత్రిలో ఏం చేస్తారో తెలిస్తే భయం తగ్గుతుంది. మొదటి ఇంజెక్షన్‌కు ముందే మూత్రం నమూనా తీసి పెట్టాలి. చికిత్సకు వాడేది కూడా డైజెపామ్, లోరజెపామ్ కుటుంబమే కాబట్టి, ఆ తర్వాత తీసిన నమూనా పాజిటివ్ వచ్చినా దేనివల్లో తేలదు. మూత్ర పరీక్ష కిట్లు క్లోరల్ హైడ్రేట్‌ను పట్టవు, కాబట్టి నెగెటివ్ వచ్చిందని ఇంటికి పంపకూడదు. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్, అంటే విటమిన్ బీ1 ఇవ్వాలి. ఏళ్లుగా సరిగ్గా తినని మనిషికి బీ1 లేకుండా గ్లూకోజ్ పోస్తే మెదడు దెబ్బతింటుంది. గోల చేస్తున్నాడని మతి చెదిరినవాళ్లకు వాడే హాలోపెరిడాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఫిట్స్ ఇంకా తేలిగ్గా వస్తాయి. తాగి పడిపోయిన మనిషికి విరుగుడని ఫ్లుమాజెనిల్ ఇవ్వాలనిపిస్తుంది కానీ, రోజూ తాగే ఒంట్లో అది ఒక్క నిమిషంలో లోటును తెచ్చి ఫిట్స్ పుట్టించగలదు. ఆ కేసుల్లో ఊపిరి, బీపీ నిలబెట్టి కాచుకోవడమే మేలు.

ఆ తర్వాత అసలు చికిత్స. ఎంత పొడి తాగుతున్నాడో ఎవరికీ తెలియదు కాబట్టి వణుకు, నాడి, చెమట, తెలివి చూసి డోసు కడతారు. ఒంట్లో నెమ్మదిగా తగ్గే డైజెపామ్ లాంటి దాన్ని ఇచ్చి, కుదుటపడ్డాక వారానికో రెండు వారాలకో పదో వంతు నుంచి నాలుగో వంతు వరకు తగ్గిస్తూ పోతారు. కాలేయం చెడిన వాళ్లకు లోరజెపామ్ నయం. ఇది వారాల పని, కొందరికి నెలల పని. మూడు రోజుల మాత్రలు చేతిలో పెట్టి డిశ్చార్జి చేస్తే నాలుగో రోజు దుకాణం ముందే కనిపిస్తాడు, అందులో ఆయన తప్పేం లేదు. మాత్రలు భార్య దగ్గరో కొడుకు దగ్గరో ఉండాలి, వారానికి సరిపడానే ఇవ్వాలి. మాత్రా వేసుకుని కల్లూ తాగితే ఊపిరి ఆగేది ఆ రాత్రే. చివరి పావు డోసు దగ్గర చాలామంది విసిగిపోతారు, నిద్ర పట్టక. అక్కడ తొందరపడి కొత్త నిద్రమాత్ర మొదలుపెట్టకుండా తగ్గింపును ఇంకాస్త సాగదీయాలి.

ఇంకో సంగతి. కల్లు ఆగి వచ్చిన ఫిట్స్‌ను మూర్ఛగా రాసేసి, ఫెనిటోయిన్ మాత్రలు ఏళ్ల తరబడి మింగుతున్నవాళ్లు పల్లెల్లో ఉన్నారు. కల్లు తాగుతూనే మింగుతారు, ఏ పండక్కో దుకాణం మూస్తే మళ్లీ పడిపోతారు. ఈ ఫిట్స్‌ను ఆ మాత్ర ఆపదు. ఫిట్స్ వచ్చిన తేదీలన్నీ కాగితం మీద రాసి, వాటికి ముందు రెండు మూడు రోజుల్లో కల్లు ఆగిందా అని చూస్తే సంగతి తేలిపోతుంది.

దాడులు చేయొద్దని ఎవరూ అనరు. పొడి తయారుచేసే షెడ్లు పట్టుబడాలి, సంగారెడ్డి జిల్లాలో అలాంటివి దొరుకుతూనే ఉన్నాయి. కానీ దుకాణాలు మూయించే వారానికి ముందే జిల్లా ఆసుపత్రికి కబురు పోవాలి. లోరజెపామ్, డైజెపామ్, థయమిన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా చేరాలి, ఆశా కార్యకర్త దగ్గర ఎవరింట్లో ఎవరు రోజూ తాగుతారో లెక్క ఉండాలి. పొడి పట్టుకున్న ఫొటో ఒక్క రోజులో వస్తుంది, దాని వెనక వచ్చే ఫిట్స్‌కు పది రోజులు పడకలు కావాలి.

చివరగా, గల్ఫ్ పోయేవాళ్ల మాట. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి విమానం ఎక్కే మనిషికి కల్లు ఆ రోజుతో ఆగిపోతుంది. రెండో రోజు, మూడో రోజు అంటే క్యాంపులో, భాష రాని చోట, ఎండలో పనిలో. అలవాటుంటే వీసా కాగితాలు కదిలేటప్పుడే, కనీసం రెండు నెలల ముందు, చికిత్స మొదలుపెట్టి తగ్గింపు పూర్తిచేసుకుని బయల్దేరాలి. పూర్తికాలేదంటే టికెట్ వెనక్కి జరుపుకోవడం మంచిది. మిగిలిన మాత్రలు సంచిలో వేసుకుని పోవచ్చులే అనుకోవద్దు. అల్ప్రాజోలం, డైజెపామ్ అక్కడ నియంత్రిత మందులు. యూఏఈకి తీసుకెళ్లాలంటే డాక్టరు చీటీతో ఆ దేశ ప్రభుత్వం దగ్గర ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకోవాలి, అది లేకుండా రెండు స్ట్రిప్పులతో దిగినా ఎయిర్‌పోర్టులోనే కేసయ్యే ప్రమాదం ఉంది.